ట్రే బరువు రెండు కేజీలు: ఒక కాటా గుమాస్తాతో 14 నెలలు

నేను 22 ఏళ్ళుగా ఒకే సంఘానికి పాస్టర్‌ని. నర్సాపురం నుంచి మొగల్తూరు వెళ్ళే వైపు ఒక పేటలో మా మందిరం, ఆదివారం 120 మంది దాకా వస్తారు, ఎక్కువమంది చెరువుల మీద పనిచేసేవాళ్ళే, వల లాగేవాళ్ళు, రొయ్య తల తీసే షెడ్లకెళ్ళే ఆడవాళ్ళు, ఇంటి దగ్గర లేసు అల్లుకునేవాళ్ళు, మస్కట్టో కువైటో వెళ్ళినవాళ్ళ కుటుంబాలు. మా పాస్టర్ల ఫెలోషిప్‌లో నెలకొకసారి ఎవరో ఒకరు తమ సంఘంలో జరిగిన ఒక కేసు చెప్పాలి, అది పద్ధతి. జబ్బులు, తాగుడు, భార్యాభర్తల గొడవలు, అప్పులు, ఇవే ఎక్కువ వస్తాయి. సంపాదన ఎలా వచ్చిందన్న దాని మీద ఇన్నేళ్ళలో ఒక్క కేసూ నేను వినలేదు, నేనూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇది మా సంఘంలోని ఒక విశ్వాసి, ఒక కాటా గుమాస్తా సంగతి, అతన్ని తమ్ముడనే అంటాను. ఆ తమ్ముడూ అతని భార్యా ఇద్దరూ రాయమన్నాకే రాశాను, రాసింది వాళ్ళకి చదివి వినిపించాను, రెండు చోట్ల "ఇది వద్దండి అయ్యగారండీ" అన్నారు, తీసేశాను. వయసు, పిల్లల వివరాలు, ఊరు కొంచెం మార్చాను. డబ్బు లెక్కలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

తమ్ముడికి 40కి దగ్గర వయసు. ఇంటర్ దాకా చదివాడు. 16 ఏళ్ళప్పుడు మా పంట కాలవలోనే బాప్తిస్మం తీసుకున్నాడు, ఇచ్చింది నాకు ముందున్న అయ్యగారు. మందిరంలో డోలక్ వాయిస్తాడు, క్రిస్మస్ ముందు ఇంటింటికీ క్యారల్స్‌కి వెళ్ళేటప్పుడు పిల్లల్ని జాగ్రత్తగా నడిపించేది అతనే, దశమభాగం ఒక్క నెల కూడా తప్పలేదు. రొయ్యలు కొనే ఒక ఏజెంటు దగ్గర ఏడేళ్ళుగా కాటా గుమాస్తా. అంటే పట్టుబడి రోజు, చెరువులో పెరిగిన రొయ్యలు పట్టి అమ్మే రోజు, గట్టు మీద కాటా వేసి, తూకం రాసి, కౌంట్ తీసి, చీటీ రైతు చేతిలో పెట్టేది ఇతనే.

ఆగస్టు నెల ఆదివారం ప్రభు బల్ల దగ్గర, అంటే యేసు మరణాన్ని తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే వేళ, మొదటిసారి గమనించాను. రొట్టె పళ్ళెం అతని దగ్గరికొచ్చింది, తీసుకోకుండా పక్కవాళ్ళకి అందించేశాడు. ఇంట్లో ఏదో మాటామాటా అనుకుని ఉంటారులే అనుకున్నా. సెప్టెంబర్‌లోనూ అంతే. అక్టోబర్‌లో డోలక్ వాయించడం కూడా మానేశాడు, చెయ్యి నొప్పి అన్నాడు. ఒకరోజు అతని భార్య మా ఆవిడతో చెప్పిందంట, "అమ్మగారండీ, రాత్రి రెండింటికి లేచి అరుగు మీద కూర్చుంటన్నాడండి, ఏవన్నా అడిగితే ఏం లేదంటాడు" అని.

ఇంటికెళ్ళాను. మనిషి చిక్కిపోయాడు. ముందు బీపీ చూపించమని పీహెచ్‌సీకి పంపించాను, 160 మీద 100 ఉంది, మాత్రలు మొదలుపెట్టారు. ఇది ఎందుకు రాస్తున్నానంటే మనలో చాలామంది నిద్ర పట్టట్లేదనగానే ఉపవాస ప్రార్థన పెట్టేస్తాం, నేనూ పెట్టాను, కానీ మాత్ర కూడా వేయించాలి. మాత్రతో బీపీ దిగింది, నిద్ర మాత్రం రాలేదు.

నవంబర్ చివర్లో ఒక సాయంత్రం మందిరం ఊడ్చే టైముకి వచ్చి, చీపురు పక్కన పెట్టి, బెంచీ మీద కూర్చుని చెప్పాడు. రొయ్యల పని తెలియనివాళ్ళకి ఇది అర్థం కావాలంటే కొంచెం వివరంగా చెప్పాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా అంతా వరి నేల అయింది, సార్వా దాళ్వా రెండు పంటలు. ఇప్పుడు మా వైపు సగం పైన చేలు చెరువులైపోయాయి. 90ల్లో టైగర్ రొయ్య వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు‌తో మునిగిపోయింది, 2009 తర్వాత వనామీ అనే రకం వచ్చింది. రైతు నాలుగు నెలలు మేత అప్పు తెచ్చి, ఏరియేటర్లకి కరెంటు బిల్లు కట్టి, రాత్రుళ్ళు టార్చిలైట్ పట్టుకుని గట్టు మీద తిరిగి, చివరికి పట్టుబడి నాడు తెల్లవారుజామున వల లాగిస్తాడు. ఆ రెండు మూడు గంటల్లో అతని నాలుగు నెలలూ తేలిపోతాయి. కేజీకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంట్, 50 తూగితే 50 కౌంట్, నెంబర్ పెరిగేకొద్దీ రేటు పడిపోద్ది. తూకమేమో ప్లాస్టిక్ ట్రేల్లో వేసి చూస్తారు, ట్రే బరువు తీసేసి నికరం రాస్తారు. రైతు ఆ టైముకి నిద్ర లేక, రొయ్య ఎండకి పాడైపోద్దన్న కంగారులో, ఐసు వేసే కుర్రాళ్ళ అరుపుల మధ్య ఉంటాడు. ట్రే బరువు ఎంత అని అడిగే ఓపిక ఎవడికుంటది.

ఖాళీ ట్రే నిజం బరువు కేజీ 700. చీటీలో తీసేసేది రెండు కేజీలు. ట్రేకి 300 గ్రాములు. రెండు టన్నుల పట్టుబడికి 80 ట్రేలు పడితే 24 కేజీలు, ఆ రోజు రేటు 280 ఉంటే 6,720 రూపాయలు. అది చీటీలో ఉండదు, కంపెనీకి వెళ్ళే తూకంలో ఉంటది, ఆ తేడా ఏజెంటూ గుమాస్తా చెరి సగం. తమ్ముడి వాటా 3,360. నాలుగేళ్ళ నుంచి జరుగుతోంది. మొదటి మూడేళ్ళు చెయ్యలేదు, పిల్లోడి ఆపరేషన్‌కి అప్పు పడ్డాక మొదలెట్టాడు, అప్పు తీరాక ఆపలేదు.

"కౌంట్ మాత్రం నేనెప్పుడూ మార్చలేదండి" అన్నాడు. ఆ మాట అన్నాక తనే తలొంచుకున్నాడు.

ఎందుకు ఇప్పుడు అని అడిగాను. జూలైలో ఒక రైతు గట్టు మీద కాటా వేస్తుంటే ఆ రైతు కూతురు, పదేళ్ళ పిల్ల, ఖాళీ ట్రే ఒకటి తీసి ఆటకి కాటా మీద పెట్టిందంట. కాటా మీద 1.700 అని ఎర్ర అంకెలు వెలిగాయి. ఆ పిల్ల చదివింది కూడా, "ఒకటి పాయింట్ ఏడు" అని గట్టిగా. ఎవరూ పట్టించుకోలేదు. తనకి మాత్రం ఆ ఎర్ర అంకెలు రాత్రి కళ్ళు మూస్తే కనబడుతున్నాయంట.

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. నేను అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, 1 యోహాను 1:9 చదివి, ఒప్పుకున్నావు కాబట్టి ప్రభువు క్షమించాడు, ఇకనుంచి చెయ్యకు, మనసు ప్రశాంతంగా ఉంచుకో అని పంపించేశాను. ఆ వాక్యం నిజమే, నేను చదివింది నిజమే, కానీ నేను అక్కడ ఆపేశాను. అంతటితో ఆగకుండా డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో సాక్ష్యం చెప్పించాను. "పాపంలో ఉన్నాను, ప్రభువు విడిపించాడు" అని వివరాలేం లేకుండా చెప్పాడు, జనం హల్లెలూయ అన్నారు, అక్కలు కళ్ళు తుడుచుకున్నారు, అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. జనవరి మొదటి వారం భార్య మళ్ళీ మా ఇంటికొచ్చింది. ఇదివరకు రెండింటికి లేచేవాడు, ఇప్పుడు అసలు పడుకోవట్లేదంది. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది, చెరువు గట్టు మీద మోసపోయినవాళ్ళలో ఒక్కరికీ తెలియకుండా, మోసపోని 120 మంది ముందు ఒప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నాడు, ఆ పని చేయించింది నేను.

జనవరిలోనే సండే స్కూల్లో టీచరు రాక నేను సుంకం వసూలు చేసే జక్కయ్య కథ చెప్పాల్సొచ్చింది. పొట్టోడు చెట్టెక్కడం పిల్లలకి ఇష్టం కదా, చెట్టు దగ్గరే ఎక్కువసేపు ఆగి, లూకా 19:8 గబగబా చదివేసి, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు ఇచ్చేస్తానన్నాడు అని ముగించబోతుంటే ఒక పిల్ల చెయ్యెత్తింది. "అయ్యగారండీ, ఎవరెవరి దగ్గర ఎంతెంత తీసుకున్నాడో గుర్తెలా ఉందండి? పుస్తకంలో రాసుకున్నాడాండి?"

నాకు జవాబు రాలేదు. అన్నేళ్ళుగా జక్కయ్య మీద ప్రసంగాలు చేశాను, ఎవరెవరి ఇళ్ళకెళ్ళి ఉంటాడు, తలుపు కొడితే వాళ్ళేమని ఉంటారు, డబ్బు ఎక్కణ్ణించి తెచ్చి ఉంటాడు అని ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ సాయంత్రమే తమ్ముడింటికెళ్ళి అడిగాను, లెక్క ఎక్కడైనా రాసుకున్నావా అని. లోపలికెళ్ళి బీరువా పైనుంచి ఒక చిన్న నోటుబుక్కు తెచ్చాడు, పిల్లల రూళ్ళ పుస్తకం, నీలం అట్ట. ఏజెంటు తన వాటా ఎగ్గొడతాడేమోనని ప్రతి పట్టుబడికీ తేదీ, రైతు ఇంటిపేరు, ట్రేలు ఎన్ని, తేడా ఎంత, అన్నీ రాసుకున్నాడు. దొంగలెక్క కోసం రాసుకున్న పుస్తకమే మాకు దారి చూపించింది.

లెక్క తియ్యడానికి మూడు వారాలు పట్టింది. 46 పట్టుబడులు, 23 మంది రైతులు. అతని వాటా 1,46,000.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇద్దరు కలిసి తిన్నప్పుడు రైతుకి పోయింది మొత్తం 2,92,000. ఇతనెంత ఇవ్వాలి? తమ్ముడు మొత్తం ఇచ్చేస్తానన్నాడు. జక్కయ్య నాలుగింతలన్నాడు కదండి అని కూడా అన్నాడు. నేను లేవీయకాండము 6వ అధ్యాయం తీశాను, అక్కడ మోసం చేసి తీసుకున్నవాడు తీసుకున్నది మొత్తం ఇచ్చి దానికి అయిదో వంతు కలపాలని ఉంది. జక్కయ్యని ఎవరూ అడగలేదు, ఇష్టంగా తన నోటితో తనే అన్నాడు, అతనికి ఆస్తి ఉంది, నువ్వు నాలుగింతలంటే నీ పిల్లలు చదువు మానేసి వల లాగడానికెళ్ళాలి, పిల్లల్ని శిక్షించమని ప్రభువు చెప్పలేదు అన్నాను. చివరికి తన చేతికి వచ్చిందీ, దాని మీద అయిదో వంతూ అనుకున్నాం. 1,46,000కి 29,200 కలిపితే 1,75,200. ప్రతి ఇంట్లోనూ "మీకు పోయిందాంట్లో ఇది సగమేనండి, మిగతా సగం నా చేతికి రాలేదు" అని దాచకుండా చెప్పాలి, ఏజెంటు పేరు మాత్రం మనం ఎత్తకూడదు అనుకున్నాం. ఈ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ పూర్తి నెమ్మది లేదు. రోజు కూలీ స్థాయి మనిషి బంగారం అమ్ముకుని తిరిగిస్తుంటే, మిగతా సగం కాజేసిన మనిషి మేడ మీద ఇంకో అంతస్తు వేశాడు. కానీ అతని మారుమనసు అతనిది, దాన్ని మా తమ్ముడి చేత చేయించలేం.

డబ్బు మాట ఎత్తాల్సింది ముందు భార్య దగ్గర. తమ్ముడు భయపడ్డాడు, మీరు చెప్పండి అయ్యగారండీ అన్నాడు, నేను చెప్పనన్నాను, నువ్వే చెప్పాలి, నేను పక్కన కూర్చుంటానన్నాను. ఆవిడ అరుగు మీద లేసు అల్లుతోంది. నర్సాపురం వైపు ఈ పని మిషనరీలు 19వ శతాబ్దంలో నేర్పించింది, ఇప్పటికీ మా పేటలో ముప్పై నలభై మంది చేతుల్లో కొక్కెం ఆడుతూనే ఉంటది, రోజంతా అల్లినా కూలి చాలా తక్కువ. తమ్ముడు చెప్తున్నంతసేపూ ఆవిడ చెయ్యి ఆగలేదు. చివర్లో దారం తెంపి, కొక్కెం ఒళ్ళో పెట్టుకుని, చేతి గాజులు రెండూ చూసుకుంది.

"ఈటికి డబ్బులెక్కణ్ణించొచ్చినియ్యో నాకు తెలీదంటే అబద్ధమండి అయ్యగారండీ. జీతం ఎంతో నాకు తెలుసు కదా. అడగలేదంతే."

గాజులు అమ్మితే 82,000 వచ్చింది. బండి 31,000. చీటీ మధ్యలో పాడి 40,000 తెచ్చారు, పాట నష్టం సంగతి నేనడగలేదు. లేసు డబ్బులు ఆవిడ దాచుకున్నవి 7,600. అన్నీ కలిపితే ఇంకా 14,600 తక్కువ.

ఆ 14,600 సంగతే నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది. 1,46,000లో పదో వంతు సరిగ్గా అంతే. తమ్ముడు ఆ డబ్బు మీద కూడా దశమభాగం ఇచ్చాడు. మా మందిరం వరండా శ్లాబులో ఆ డబ్బుంది, నా జీతంలో ఆ డబ్బుంది. కమిటీ పిలిచి విషయం చెప్పాను, తమ్ముడి అనుమతితోనే. ఏడుగురిలో నలుగురు తిరిగివ్వడానికి ఒప్పుకోలేదు మొదట. ఒక పెద్దాయన, కోర్టులో పనిచేసి రిటైరైన మనిషి, "కానుక దేవుడి చేతికెళ్ళాక మళ్ళీ అడగడమేంటండి, రేపు ప్రతివోడూ వచ్చి నాదిచ్చెయ్యమంటాడు" అన్నాడు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఇంకొకాయన ఇంకో భయం చెప్పాడు, అది నేను తేలిగ్గా తీసుకోలేదు. "రైతులందరూ ఊళ్ళో వాళ్ళు, మనం పేటోళ్ళం. ఒకడు చేసింది బయటపెడితే పేట మొత్తం దొంగలే అంటారు, రేపు మన కుర్రాళ్ళకి చెరువుల మీద పనెవడిస్తాడు?" ఈ భయానికి కారణాలున్నాయి, మా డెల్టాలో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఊళ్ళో ఒకరు తప్పు చేస్తే అది ఆ మనిషి తప్పు, మా పేటలో ఒకరు చేస్తే అది పేట తప్పు.

అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దాయన, 80 దాటినాయన, మాట్లాడాడు. 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీల కుటుంబాలు ఇంగ్లండ్ నుంచి వచ్చి ఆ తర్వాత నర్సాపురం, పాలకొల్లు వైపు స్థిరపడ్డ సంగతులన్నీ ఆయనకి కంఠతా వచ్చు, సందు దొరికితే చెప్తాడు, ఆ రోజు అవేం చెప్పలేదు. "మా తాత కొత్తగా నమ్ముకున్న రోజుల్లో కుంచం కొలిచే పనికి పిలిచేవోరంట. ఈళ్ళు నమ్ముకున్నోళ్ళు, కుంచం సరిగ్గా కొలుత్తారు అని. అదొక్కటే మనకున్న పేరు. పేరు పోద్దని భయపడతన్నారు, అది ఎప్పుడో పోయింది, మీకు తెలీదంతే" అన్నాడు. నేను మత్తయి 27:6 చదివాను. యేసుని పట్టిచ్చినందుకు తీసుకుని, తర్వాత యూదా పారేసిన వెండి నాణేలు కానుకపెట్టెలో వెయ్యకూడదని యేసుని చంపించిన యాజకులకి కూడా అనిపించింది, మనకి అనిపించకపోతే ఎలా అన్నాను. రాత్రి పదకొండయింది. 14,600 సంఘం ఖాతా నుంచి తియ్యాలని తీర్మానం రాశాం, రిటైర్డ్ పెద్దాయన సంతకం పెట్టలేదు, కానీ గొడవ చెయ్యలేదు. ఆయన ఇప్పటికీ మా కమిటీలోనే ఉన్నాడు.

ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టేముందు తమ్ముడు ఉద్యోగం మానాలి. అది మార్చి. ఏజెంటుకి కారణం చెప్పి మానాడు. ఆయన ముందు నవ్వాడంట, తర్వాత బతిమాలాడంట, తర్వాత బెదిరించాడు. మా విశ్వాసుల్లో ఒక వకీలున్నాడు, ఆయన్ని కలిసి, ఏం రాసివ్వాలి, ఏం రాసివ్వకూడదు, ఎవరైనా కేసు పెడితే ఏంటి అని ముందే మాట్లాడుకున్నాం. పాస్టర్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే, వకీలుతో మాట్లాడకుండా ఒక మనిషిని ఇలాంటి పనికి పంపొద్దు. నాకు ధైర్యముంది కదా అని ఇంకొకడి ఇంటి మీద పందెం వెయ్యకూడదు.

ఎలా మాట్లాడాలో కూడా అనుకున్నాం. నేను ఒక్కణ్ణే తోడు, ఇంకెవరూ వద్దు. తెల్ల చొక్కా, చేతిలో బైబిలు, ఇవేం వద్దు. కరపత్రం ఇవ్వొద్దు, సువార్త చెప్పొద్దు, ప్రార్థన చేస్తామని అడగొద్దు. మనం వాళ్ళకి బాకీ ఉండి వెళ్తున్నాం, బాకీ తీర్చేటప్పుడు దానికో దారం కట్టకూడదు. క్షమించమని కూడా ముందు అడగొద్దన్నాను, ఎందుకంటే అడిగితే వాళ్ళు మొహమాటానికి సరేలే అనాల్సొస్తది, అది ఇంకో రకం దోచుకోవడం. చేసింది చెప్పు, లెక్క చూపించు, కవరు పెట్టు, నోరు మూసుకుని కూర్చో. వాళ్ళు తిట్టినా కూర్చో.

మొదటి ఇంట్లో తమ్ముడి గొంతు పెగల్లేదు. రైతు మేమేదో చందాకొచ్చామనుకున్నాడు. నోటుబుక్కు తెరిచి చూపించాక ఆయన కళ్ళద్దాలు తెచ్చుకుని, వేలు పెట్టి ఒక్కో లైను చదివి, "ఇది అందరూ చేసేదే కదయ్యా, నాకు తెలుసు" అన్నాడు. డబ్బు లెక్కపెట్టుకుని జేబులో వేసుకుని టీ ఇప్పించాడు. అంతే. దారిలో తమ్ముడు అన్నాడు, తిట్టుంటే బాగుండేదండి అని.

తిట్టినవాళ్ళూ ఉన్నారు. ఒకాయన చెరువు గట్టు మీద కూలీలందరి ముందు చొక్కా పట్టుకున్నాడు, మూడింతలు కట్టమన్నాడు, మా పేటని, మా మతాన్ని కలిపి తిట్టాడు. నేను కల్పించుకోబోతే తమ్ముడు నా చెయ్యి నొక్కాడు. వారం తర్వాత ఆ రైతే మనిషిని పంపించి కవరు తెప్పించుకున్నాడు. ముగ్గురు అసలు వద్దన్నారు, అందులో ఒకాయన కవరు తీసుకెళ్ళి మా ఎదురుగానే రామాలయం హుండీలో వేసొచ్చి, "నీ లెక్క చెల్లిపోయింది పో" అన్నాడు. తమ్ముడు దాన్ని కూడా పుస్తకంలో టిక్ పెట్టుకున్నాడు. పెట్టొచ్చా అయ్యగారండీ అని నన్నడిగాడు, పెట్టమన్నాను, ఆయన డబ్బు ఆయనిష్టం.

నాకు మర్చిపోలేనిది పదకొండో ఇల్లు. కౌలు రైతు. రెండెకరాల చెరువు లీజుకి తీసుకుని రెండు పంటలు వైట్ స్పాట్‌తో పోగొట్టుకుని, మూడోది పండించి కూడా అప్పు తీరక కువైట్ వెళ్ళిపోయాడు, డ్రైవరు పని. ఇంట్లో భార్య, అత్తగారు, ఇద్దరు పిల్లలు. మే నెల, కాలవలు కట్టేసిన రోజులు, ఊళ్ళో నీళ్ళకి ట్యాంకరొస్తోంది, ఆవిడ బిందెలు పట్టుకుని లైన్లో ఉంటే మేము వాళ్ళ అరుగు మీద గంట కూర్చున్నాం. వచ్చాక తమ్ముడు చెప్పాడు. వాళ్ళ మూడో పంట పట్టుబడి, 62 ట్రేలు.

ఆవిడ నిలబడే వింది. తడి చేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ అంది, "ఆ రోజు నేనూ గట్టు మీదే ఉన్నాను. ఖాళీ ట్రే ఒకసారి తూకం వెయ్యమని ఆయనడిగాడు నిన్ను. నువ్వేమన్నావో గుర్తుందా అన్నయ్యా?"

తమ్ముడు తల ఊపాడు.

"చెప్పు."

"నా మీద నమ్మకం లేదా బావా అన్నాను."

"ఊఁ. తర్వాత ఆయన నన్ను కేకలేశాడు, ఆడికి కోపమొచ్చింది, నువ్వే నన్నడిగించావు అని."

కవరు అరుగు మీదే ఉంది. ఆ ఇంటి లెక్క అయిదో వంతుతో కలిపి 3,132. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, లోపలికెళ్ళి ఫోను తెచ్చి కువైట్‌కి వీడియో కాల్ చేసింది. అక్కడ అతను బండిలో ఉన్నాడు, ఎండ. ఆవిడ ఫోను తమ్ముడి చేతికిచ్చి, "నాకు కాదు, ఆయనకి చెప్పు" అంది. తమ్ముడు మొత్తం మళ్ళీ చెప్పాడు, ఈసారి ఏడుస్తూ. అవతల చాలాసేపు చప్పుడు లేదు, ఇండికేటర్ టిక్కు టిక్కు మంటున్నది మాత్రం వినబడుతోంది. చివరికి అతనన్నాడు, "దాన్ని నేను ఊరికే తిట్టాను కదరా."

ఆవిడ ఫోను తీసుకుని లోపలికెళ్ళిపోయింది. అత్తగారు వచ్చి కవరు తీసుకుంది. మేము లేచొచ్చేశాం.

ట్రేకి 300 గ్రాముల తేడాలో ఏమేం కొట్టుకుపోయాయో నాకు ఆ అరుగు మీద తెలిసింది. సామెతలు 11:1 మా మందిరం గోడ మీద పెయింట్ చేయించింది నేనే, దొంగత్రాసు దేవుడికి అసహ్యమని. ఎందుకు అసహ్యమో ఆ రోజు దాకా నేను తూకం లెక్కలోనే అర్థం చేసుకున్నాను. పోయింది రొయ్యలే కాదు, ఒక మొగుడు పెళ్ళాన్ని నమ్మకుండా కాటా మనిషిని నమ్మాడు.

అక్టోబర్‌కి 14 నెలలు. 17 మంది తీసుకున్నారు, ముగ్గురు వద్దన్నారు, ముగ్గురు దొరకలేదు. ప్రభు బల్ల సంగతి, నేను ఎప్పుడూ షరతు పెట్టలేదు. మత్తయి 5లో అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ఉంది కాబట్టి అన్ని ఇళ్ళూ అయ్యాకే తీసుకోవాలని అతను అనుకున్నాడు. నేనేమన్నానంటే, ఆ బల్ల శుద్ధులైనవాళ్ళకిచ్చే బహుమతి కాదు, దారిలో ఉన్నవాళ్ళకి పెట్టే అన్నం, నువ్వు దారిలోనే ఉన్నావు అన్నాను. జూన్‌లో ఒక ఆదివారం, నేను చూడకుండానే తీసుకున్నాడంట, మా ఆవిడ చెప్పింది. కువైట్ ఫోను తర్వాత వచ్చిన మొదటి బల్ల అది.

పని సంగతి. నాలుగు నెలలు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగాడు, నెలకి 9,000. పెద్ద పిల్లోడి కాలేజీ ఫీజు ఒక టర్ము లేటయింది, సంఘంలో ఇద్దరు సర్దారు. ఆగస్టులో ఆ మొదటి ఇంటి రైతే, అందరూ చేసేదే కదయ్యా అన్నాయన, కబురు పంపాడు. తన పట్టుబడి రోజు వచ్చి కాటా పక్కన నిలబడమని, కూలి ఇస్తానని. ఇప్పటికి అయిదుగురు రైతులు అలా పిలుస్తున్నారు. ఖాళీ ట్రే ముందు కాటా మీద పెట్టి, అంకె గట్టిగా చదివి, అప్పుడు మొదలెట్టిస్తాడు. కొంతమంది ఏజెంట్లు అతను నిలబడే చెరువులకి రావట్లేదు, ఆ భారం రైతుల మీద పడుతోంది, ఇది ఎన్నాళ్ళు నడుస్తుందో చూడాలి. మా కమిటీలో ఆ రెండో ఆయన భయపడినట్టు పేట కుర్రాళ్ళలో ఇద్దరికి పని పోయింది కూడా, వాళ్ళిద్దరి ఇళ్ళకి నేను వెళ్ళొచ్చాను, వాళ్ళ కోపం నా మీదే, అది న్యాయమే. ఒకడికి వేరే చోట దొరికింది, ఇంకొకడికి ఇంకా చూస్తున్నాం.

నిద్ర కొంచెం మెరుగు, నాలుగు గంటలు పడుకుంటున్నాడు. బీపీ మాత్ర మానలేదు. డోలక్ మళ్ళీ పట్టుకున్నాడు. గాజుల్లేని చేతులతో ఆవిడ లేసు అల్లుతూనే ఉంది, మొన్న మా ఆవిడ ఊరికే ఉండలేక అడిగిందంట, బాధగా లేదా అని. "చెయ్యి తేలిగ్గా ఆడతందండి" అందంట.

దొరకని ముగ్గురిలో ఒకాయన చనిపోయాడు, కుటుంబం ఎటు వెళ్ళిందో తెలియదు. ఒకరు లీజు వదిలేసి హైదరాబాద్ వైపు వెళ్ళారని తెలిసింది. ఇంకొకరి పేరు పుస్తకంలో ఒట్టి ఇంటిపేరే ఉంది, ఆ ఇంటిపేరుతో మా మండలంలో చాలా ఇళ్ళున్నాయి. బాకీ తీసుకోవడానికి బంధువు కూడా లేకపోతే అది యెహోవాదని సంఖ్యాకాండము 5:8లో ఉంది, అది యాజకుడికి చేరుతుంది. రిటైర్డ్ పెద్దాయనే గుర్తుచేశాడు, సంఘానికి ఇవ్వొచ్చు కదా అని. వద్దన్నాను, బంధువులు లేరని మనకింకా తెలియదు కదా, వెతకలేదు అంతే అన్నాను. ఆ ముగ్గురి డబ్బూ పోస్టాఫీసు ఖాతాలో ఉంది. నీలం అట్ట పుస్తకం తమ్ముడి జేబులోనే ఉంటది, టిక్ లేని మూడు పేర్లకీ పెన్సిల్‌తో గుండ్రం చుట్టుకున్నాడు. ఏ పట్టుబడికెళ్ళినా, పని అయ్యాక గట్టు మీద కూర్చున్నవాళ్ళని అడుగుతాడు, "ఏవండీ, ఈ ఇంటిపేరు వాళ్ళు మీకెవరన్నా తెలుసాండి?"